సిగెత్ కావ్యమున నాయకప్రతినాయకుల మరణము

ప్రసిద్ధమైన యితివృత్తమును గ్రహించిన కవి దాని నెంతవఱకు మార్పవచ్చు నను ప్రశ్నము మన యాలంకారికులకుఁ గొత్తది గాదు. 1651వ సంవత్సరమున వియన్నా నగరమునఁ బ్రకటితమైన యొక వీరకావ్యము ఈ ప్రశ్నమును మిక్కిలి తీవ్రముగ మన ముందుంచుచున్నది. ఆ కావ్యమునకు నాయకుఁడు 1566లో సిగెత్వార్ దుర్గమున నాటమను తురుష్కులతోఁ బోరి మడిసిన క్రొయేషియా ప్రభువు నికోలా షూబిచ్ జ్రీన్‌స్కి. కవి యతని మునిమనుమఁడు. పేరును నదియే, వంశమును నదియే. ఆ దేశమున రాజప్రతినిధియగు మండలాధిపతికిఁ జెల్లు 'బాన్' అను పదవియు నిరువురకు సమానమే. కావ్యపుఁ గడపటి సర్గమున నాయకుఁడు సుల్తాను సులేమానును స్వహస్తమునఁ జంపి, తరువాతఁ దాను మరణించును. చరిత్రమునందో, సుల్తాను కోట పడకముందే తన గుడారమున శయ్యమీఁద రోగముచే మృతినొందెను. ఈ మార్పు కావ్యమునకు శోభ తెచ్చినదా, కొఱఁత తెచ్చినదా యనునదియే విచార్యాంశము.

ముందుగ నామమును గూర్చి యొకమాట. జ్రీన్‌స్కి యనునది ధనవాచి గాదు, గుణవాచి గాదు. 'జ్రిన్' అను గ్రామదుర్గమునకుఁ జెందినవాఁ డని యర్థమిచ్చు తద్ధితాంతము. స్లావుభాషలలోఁ దఱచుగఁ గానవచ్చు ప్రత్యయ మిది. హంగేరీయులు అదే యర్థమును దమ ప్రత్యయముతోఁ జెప్పి 'జ్రీని' యందురు. రెండు జాతులు నొక్కని కొఱకు వాదులాడునపుడు వాదమంతయు నీ ప్రత్యయమాత్రమున నిలుచుట వింతయే. పాణినీయులు నివాసమునకు నభిజనమునకు భేదము చెప్పుదురు: ఇప్పుడు తానుండుచోటు నివాసము, పూర్వు లుండినచోటు అభిజనము. బ్రీబిర్ వాస్తవ్యులైన షూబిచ్ వంశీయులు 1347లో ఓస్త్రొవిత్స కోటను రాజునకు విడిచి, దానికి మాఱుగ జ్రిన్ దుర్గమును బడసిరి. మన నాయకునకు జ్రిన్ నివాసము. 1546లో నతనికి మెజిమూర్యే మండలమును జాకొవెత్స్ దుర్గమును లభించెను. 1577లో జ్రిన్ తురుష్కుల వశమయ్యెను. కావున 1620లో జన్మించిన కవికి జ్రిన్ అభిజనము మాత్రమే, అదియు శత్రుహస్తగతము. ఒకే పదము తాతయందొక యర్థమునను మునిమనుమనియందు వేఱొక యర్థమునను బ్రవర్తించుచున్నది. కావ్యమంతట వినఁబడు వేదన కిదియే మూలమనిన నతిశయోక్తి కాదు.

నాయకుని చరితము సంగ్రహముగఁ జెప్పవలసినది. అతఁడు 1508 ప్రాంతమున జన్మించెను. 1526లో మొహాచ్ యుద్ధమున హంగేరీరాజు మడియఁగా, మఱుసటియేఁట క్రొయేషియా ప్రభువులు త్సెతిన్ కోటలోఁ గూడి హాబ్స్‌బర్గు వంశీయుఁడగు ఫెర్డినాండును రాజుగ నెన్నుకొనిరి. వారిలో నితని తండ్రియు నొకఁడు. 1542లోఁ బెష్త్ నగరముకడఁ జెదరిన క్రైస్తవసేనను దన గుఱ్ఱపుదళముతో నాదుకొనుటచే నితనికి యశస్సు కలిగెను. ఆ సంవత్సరాంతమున బాన్ పదవి వచ్చెను. మఱుసటియేఁడు ఫ్రాంకొపాన్ వంశపుఁ గన్య కాతరీనను బెండ్లాడెను. పదునాలుగేండ్లు పదవి వహించి 1556లో దానిని వదలుకొనెను. 1561 మొదలు సిగెత్వార్ దుర్గాధ్యక్షుఁడుగ నుండెను. ఆమె మరణానంతరము 1564లో బొహీమియా దేశపు రోజెంబర్గు వంశజ యగు ఏవను బరిణయమాడెను.

ఈ చరితమున నొక యంశమును జదువరులు దాఁటిపోరాదు. 1537లో గొర్యానికడ నోడి తన సేనను విడిచి పాఱిపోయిన కాట్సియానర్ అను సేనాని కారాగారమునుండి తప్పించుకొని వచ్చి జ్రీన్‌స్కి సోదరుల నాశ్రయించెను. అతఁడు తురుష్కులతో మంతనము లాడుచుండెను. 1539లో నికోలా తన కోటలోనే యతనిఁ జంపించెను. రాజద్రోహి యనుమాట నిజమే. కాని తన గడపలోనికి వచ్చిన వానిని జంపుట వీరధర్మమని యెవరును జెప్పఁజాలరు. కావ్యమున నీ కథ లేదు. ఇది కవిదోషమా? కాదు. మాయూరాజకవి ఉదాత్తరాఘవమున వాలిని రాముఁడు మాటునుండి చంపిన కథను బరిత్యజించెను. భవభూతి మహావీరచరితమున రావణమైత్రిచేఁ దన్నుఁ జంపవచ్చిన వాలినే రాముఁడు వధించినట్లు మార్చెను. నాయకునకో రసమునకో తగని దానిని విడువవలయు, లేదా వేఱుగఁ గల్పింపవలయు నని ధనంజయుఁడు విధించి యున్నాఁడు. అందును సిగెత్ కవి 1566వ సంవత్సరపుఁ గథను మాత్రమే యెత్తుకొనెను గాన, 1539 నాఁటి వృత్తాంతము విడువఁబడినదనుటకంటెఁ గథాపరిధిలోనికి రాలేదనుటయే సరి. పరిత్యాగమున నతఁడు నిర్దోషి. పరివర్తనమునందే చిక్కున్నది.

1566 మే నెల మొదటిదినమున సులేమాను తన రాజధానినుండి కదలెను. వయస్సు డెబ్బది దాఁటినది. షిక్లోష్ కడ విడిసియుండిన తురుష్కదళముపై జ్రీన్‌స్కి పడి దాని నాయకునిఁ జంపినవార్త విని, సుల్తాను తన దండును సిగెత్వార్ వైపు మరలించెనని చెప్పుదురు. ఆగస్టు మొదటివారమున ముట్టడి ప్రారంభమై యొక నెలకుఁ బైఁగా సాగెను. దుర్గమున నున్నవారు క్రొయేషియులును హంగేరీయులును గలసి యించుమించుగ 2,300 మంది. ముట్టడించినవారు లక్షకుఁ దక్కువ కాదని సామాన్యముగ వ్రాయుదురు. చక్రవర్తి మాక్సిమిలియను పెద్దసేనతో గ్యోర్ కడ విడిసియుండియు సాయమునకుఁ గదలలేదు. పాతపట్టణము, క్రొత్తపట్టణము, బాహ్యకోట వరుసగఁ బోఁగా, కడపట లోపలికోట తగులఁబడుచుండ మిగిలినవారితో జ్రీన్‌స్కి తలుపులు తెఱపించి వెలికి దుమికెను.

ఈ చివరిదినమునకుఁ బ్రత్యక్షసాక్షి యొకఁడు మిగిలెను. జ్రీన్‌స్కి పరిచారకాధికారియగు ఫెరెనాత్స్ చెర్న్‌కో తురుష్కులకుఁ జిక్కి, విడుదలనంది, చూచినదానిని క్రొయేషియాభాషలో వ్రాసెను. సామువెల్ బూదీనా దానిని లాటినుభాషలోనికిఁ దిప్పి 1568లో వియన్నాలోఁ బ్రకటించెను. చెర్న్‌కో కవి కాఁడు. ఉపమ యొక్కటియైనఁ బ్రయోగింప నెంచలేదు. ప్రభువు కవచము వలదనెను, పట్టుబట్టలు ధరించెను, మెడలో బంగారుగొలుసు వైచుకొనెను, తెచ్చిన కత్తులలోఁ దండ్రినాఁటిదానిని బరీక్షించి యేఱుకొనెను, నూఱు బంగారునాణెములు దుస్తులలో నుంచుకొనెను. నాణెము లెందులకనఁగా, తన శవమును దోఁచుకొనువాఁడు ఏమియు దొరకలేదని చెప్పకుండుటకు! ఈ యొక్క విషయమున నున్న ధీరోదాత్తత నూఱు యుద్ధవర్ణనలలో దొరకదు. స్వభావోక్తి యలంకారము గాదని వాదించువారు ఈ పుట చదువవలయును. వస్తువు తానై యింత నిండుగ నున్నపుడు కవికి మిగులు పని యేమి?

ఆ ప్రశ్నమునకు మొదటి ప్రత్యుత్తరము జాదర్ పురవాసి బెర్నె కర్నరూతిచ్ ఇచ్చెను. 'సిగెత్ కోట పట్టు' అను నతని క్రొయేషియా కావ్యము, కవి మరణానంతరము 1584లో వెనిసులో నచ్చుపడినది. నాలుగు భాగముల యీ చిన్నకావ్యము చెర్న్‌కో చెప్పిన క్రమమునే పాదబద్ధము చేసినది. మార్గదర్శి మారూలిచ్ కవి 'యూదిత'. సేనల పట్టికలు వలసినదానికంటె మీఱినవి. పఠితకు నడుమనడుమ నలసట తోఁచును. కాని నాయకునిమీఁద నబద్ధమొకటియు మోపలేదు. దీనిని జరిత్రపద్య మనవచ్చును, మహాకావ్య మనరాదు.

మహాకావ్యమును రచించినవాఁడు మునిమనుమఁడు. 1645-46 శీతకాలమున వ్రాసినదానిని 1651లో 'ఆద్రియ సముద్రపు సిరెన్' అను సంపుటమునఁ బ్రకటించెను. పదునేను సర్గములు, పద్యము నాలుగు పాదములు, పాదము పండ్రెండక్షరములు, నాలుగుపాదములకును నంత్యప్రాస మొక్కటియే. తెలుఁగుకవులు పాదాదిని ద్వితీయాక్షరమున వహించు భారమునే యితఁడు పాదాంతమున వహించెను. ఫలము నించుమించుగ నదియే: మంచిచోట్లఁ బద్యము బిగియును, చెడ్డచోట్లఁ బ్రాసకై పదము వచ్చిపడును. ఈ దోషమును గవియే యెఱుఁగును. వ్రాసినది మరల దిద్దలేదనియు, కవిత్వము తన వృత్తి కాదనియు, తురుష్క క్రొయేషియా లాటిను పదములను దెలిసియే కలిపితిననియుఁ బీఠికలో నొప్పుకొన్నాఁడు. మిశ్రభాష కొఱకు క్షమాపణము వేఁడక యదియే యందమని చెప్పుట మెచ్చఁదగినది. సరిహద్దునఁ బుట్టిన కావ్యమునకు సరిహద్దుభాషయే తగును.

కథాసంవిధానమున వర్జిలును దాస్సోను గురువులు. పాపము పెరిగిన హంగేరీయులమీఁద నాగ్రహించి పరమేశ్వరుఁడు మిఖాయేలు దేవదూతచే నరకమునుండి యలెక్తో యను శక్తిని రప్పించి సుల్తానుహృదయమునఁ బ్రవేశపెట్టించును. రెండవ సర్గమున జ్రీన్‌స్కి ప్రార్థించుచుండ సిలువమీఁది విగ్రహము శిరస్సు వంచి, నీకు ధర్మార్థమరణమును స్వర్గమును గలుగునని పలుకును. శత్రుపక్షము కేవల నింద్యము గాదు. సులేమాను వివేకి, శూరుఁడు, కార్యదక్షుఁడు. క్రూరత యొక్కటియే యతని మచ్చ. ప్రతినాయకుని వంశవీర్యాదులను వర్ణించి వానిపై జయమును జెప్పుట నాయకోత్కర్షకే యని దండి యంగీకరించినమార్గ మిదియే. దెలిమాను కుమిల్లల ప్రణయకథ మాత్రము పెరిగిపోయినది; హయగ్రీవవధమున హయగ్రీవుని విస్తారముగ వర్ణించుట దోషమని మమ్మటుఁడు చూపిన తావు జ్ఞప్తికి వచ్చును.

ఇఁక నాయకమరణమును గూర్చి భామహుఁడు చెప్పిన నిషేధ మొకటి కలదు: నాయకునిఁ గులశౌర్యాదులచే ముందు ప్రశంసించి, యన్యుని యుత్కర్షఁ జెప్పుకోరికతో వానివధనే చెప్పరాదని. ఈ సూత్రమును బైపైఁ జూచినవారు సిగెత్ కావ్యమంతయు నపమార్గమనుకొందురు. కాని విశేషణముతోఁ గూడిన నిషేధము విశేషణమునందే పర్యవసించునను న్యాయమున, ఇచ్చట నిషిద్ధమైనది వధమాత్రము గాదు, పరోత్కర్షార్థమైన వధ. జ్రీన్‌స్కి మరణముచేఁ దురుష్కుల కుత్కర్ష కలుగలేదు, మృతుఁడే హెచ్చినాఁడు. కావున భామహమతమున నిది దోషము గాదు. అంతేకాక యీ నిర్ణయమే రెండవ చిక్కునకుఁ దాళపుచెవి. మరణమే నాయకుని యుత్కర్షకుఁ జాలియుండఁగా సులేమానువధ యెందులకు?

కవి సమాధానము పీఠికలోనే యున్నది. హోమరు వర్జిలులవలనఁ జరిత్రమును గల్పనతోఁ గలుప నేర్చితి ననును. సుల్తానుమరణము జ్రీన్‌స్కిచేతి దనునది క్రొయేషియా యిటలీ వృత్తాంతములఁ జూచితి ననును. ఇష్త్వాన్ఫి, సాంబూకస్ మున్నగు చరిత్రకారులు వేఱుగ వ్రాసిరనియు నెఱుఁగును. అనఁగా నితఁడు తెలియక చేసినవాఁడు గాఁడు. ఆనందవర్ధనుఁడు రసానుగుణముగాని యితివృత్తస్థితిని విడిచి, రసోచితమైన కథను గల్పించుకొమ్మని కవికి స్వాతంత్ర్యమిచ్చెను. ఇతివృత్తమును నడుపుట చరిత్రమునకే సిద్ధించునని కూడఁ జెప్పెను. ఈ యాశ్రయముతో సిగెత్ కవిని సమర్థింపవచ్చుననిపించును. అయితే యా స్వాతంత్ర్యమునకు నియమమొకటి కలదు: ప్రకృతరసము ఏదో ముందు తేలవలయును. ప్రకృతరసము జయప్రధానమైన యుద్ధవీరమైనచో శత్రువధ కావలసినదే. ఈ కావ్యమున రెండవ సర్గముననే సిలువ పలికినవాక్కుచే నాయకునకు ఫలము జయము గాదని, ధర్మార్థమరణమని నిశ్చితమైనది. ధర్మవీరమునకు శాంతము పరిణామముగాఁ గల యీ రచనలో శత్రుశిరస్సు ఫలముగాఁ జొప్పించుట, బీజమొకటి నాటి పంట వేఱొకటి కోయుట. రసానుగుణముగ మార్చినదని చెప్పఁబడుచోటనే రసమునకు భంగము వాటిల్లినది.

అంతకంటె నెక్కువనష్ట మింకొకటి. చరిత్రమునఁ గోట పడుటకుఁ గొంచెము ముందే సులేమాను మరణించెను. ప్రధానమంత్రి సొకొల్లు మెహమ్మదు పాషా, స్వయముగ బోస్నియా దేశమున స్లావుకులమునఁ బుట్టినవాఁడు, ఆ మరణమును దాఁచెను. సుల్తాను పేర నాజ్ఞలు వెడలుచునే యుండెను. రాకుమారుఁడు సెలీము వచ్చి బెల్గ్రేడు చేరువఱకు సేనకు నిజము తెలియనీయలేదు. ఆ గుడారమున్న చోటఁ దరువాతఁ గట్టిన స్మారకమందిరపుఁ బునాదులు 2015లోఁ ద్రవ్వకములలో బయల్పడెను. ఈ వృత్తాంతమును రసదృష్టితోఁ జూడవలయును. లోపల నగ్నిమధ్యమున నున్నవాఁడు, తన పగతుఁడు లేఁడని యెఱుఁగక వెలికి దుమికెను. వెలుపల నున్న వేలకొలఁది సైనికులు, తమ ప్రభువు లేఁడని యెఱుఁగక ప్రాణములు వదలిరి. ఇరుపక్షములును శూన్యమైన సింహాసనము కొఱకే పోరినవి. ఇంతటి కరుణగర్భమైన వీరమును, ఇంతటి నిర్వేదబీజమును నే కవియుఁ గల్పింపఁజాలఁడు. దైవము కల్పించి యిచ్చినది. సిగెత్ కవి చేతిలోఁ బడిన యీ రత్నమును బాఱవైచి యొక కత్తివ్రేటును గ్రహించెను. పైఁగా నా వ్రేటు కావ్యమున నతివేగముగ జరుగును. పదునాలుగు సర్గము లల్లినవాని కది తగినది గాదు. వెంటనే యెవరును దగ్గఱ కేగ వెఱచి దూరమునుండి జానిసారీలు తుపాకులఁ గాల్చి నాయకుని గూల్చుట మాత్రము సత్యమునకుఁ గూడ సమీపము. అచ్చట మరల రచన నిలఁద్రొక్కుకొనును.

ఇట్లు దోషము చూపినంతనే విమర్శ ముగిసినదనుట న్యాయము గాదు. కవి పండితసభకై వ్రాయలేదు. ఆనాఁడు వియన్నా ప్రభుత్వము తురుష్కులతో సంధి నిలుపుకొనఁ గోరుచుండెను. సరిహద్దున నూళ్లు కాలుచునే యుండెను. 1647 మొదలు తానే బానై యా భారమును మోయువాఁడు, సుల్తాను అజేయుఁడు గాఁడని తన జనులకుఁ జెప్పఁదలఁచెను. కావ్యప్రయోజనములలో నుపదేశ మొకటి గదా. తరువాత గద్యమున వ్రాసిన 'తురుష్క నల్లమందునకు మందు' అను ప్రబంధమునను సొంత సైన్యము కావలయునని యిదియే యుపదేశించెను. మాటతో నాఁగినవాఁడును గాఁడు: 1566 దండయాత్రకై సులేమాను కట్టించిన యోసియెక్ వంతెనను 1664 శీతకాలమునఁ దానే కాల్చివైచెను. కావ్యమునఁ దాతచేఁ జేయించినపని తాను జేయఁదలఁచినపనియే. కావున సులేమానువధ కవి రసాధీనముగఁ జేసినది గాదు, కార్యాధీనముగఁ జేసినది. ప్రభువుగ నతఁడు చెప్పినది యొప్పు. కవిగఁ జేసినది తప్పు. ఒకే మనుష్యునియం దీ రెండు నుండుట యసంభవము గాదు. ఆ యేఁటనే ఆగస్టున వాష్వార్ సంధి జరిగెను. నవంబరున వేఁటలో నడవిపంది కొట్టఁగాఁ గవి మరణించెను.

తమ్ముఁడు పేతర్ జ్రీన్‌స్కి యీ కావ్యమును గ్రొయేషియాభాషలోనికిఁ దెచ్చి 1660లో వెనిసునఁ బ్రకటించెను. ఇది మక్కికి మక్కి యనువాదము గాదు. అన్న హంగేరీయులమీఁద నుంచిన గౌరవభారములోఁ గొంతభాగమును దమ్ముఁడు క్రొయేషియుల వైపునకు జరిపెను. మూలమునఁ గుదురుగ నున్నచోట్ల నితఁడు విస్తరించుటయుఁ గలదు. అతఁడును బానయ్యెను; చక్రవర్తిపైఁ గుట్రచేసెనను నేరమునకు 1671 ఏప్రిలు 30వ తేదిని వీనర్ నోయ్‌స్టాట్ పురమున శిరశ్ఛేద మనుభవించెను. ఏ రాజకులమునకై తాత సిగెత్వార్‌లో మడిసెనో యా రాజకులమే మునిమనుమనిఁ జంపించెను. ఈ కథ నెవ్వఁడైన మహాకవి చేపట్టియుండినచో!

తరువాతివారిలోఁ జెప్పఁదగినవా రిద్దఱు. జర్మనుకవి కోర్నరు 1812లో 'జ్రీని' యను నాటకమును వ్రాసెను. దాని ననుసరించి హూగో బదాలిచ్ కూర్చిన గేయరూపకమునకు ఇవాన్ జాయిత్స్ సంగీతము కట్టఁగా 1876లో జాగ్రెబ్ నగరమునఁ బ్రదర్శింపఁబడెను. ఈ రెంటను సుల్తాను వైద్యుఁడొకఁడు పాత్రముగ నున్నాఁడు. సుల్తాను జ్రీన్‌స్కి కత్తికి గాక వ్యాధికి లోఁబడును, మంత్రి మరణమును దాఁచును. నాటకకర్త లీవిషయమునఁ జరిత్రమును నమ్మి బాగుపడిరి. కాని యింకొక వైపున జాఱిరి: నాయకునకొక కూఁతును గల్పించి, యామె ప్రియుఁడు శత్రువుల కామె చిక్కకుండుటకుఁ దానే చంపునట్లు రచించిరి. తలుపులు తెఱచుకొని ప్రభువు వెలికి దుముకుచున్న సమయమునఁ బ్రేక్షకుని మనస్సు లోపలి గదిలోఁ జిక్కుకొని యుండును. నూఱు బంగారునాణెములు దుస్తులలో నుంచుకొన్నవాని చేతివంక నెవఁడును జూడఁడు.